అమ్మ అడిగిన శిక్ష

నాకు క్షయ వచ్చింది, తగ్గింది. తగ్గిందని చెప్పగానే అందరూ "దేవుని కృప" అంటారు. వచ్చినప్పుడు మాత్రం అవే నోళ్ళు "ఏం పాపం చేసిందో" అన్నాయి. జబ్బు వచ్చినందుకు నేను కారణం, పోయినందుకు ఆయన కారణం. ఈ న్యాయం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

ఇది రాస్తున్నది పందొమ్మిదివందల అరవై ఏడులో. మా బడిలో కొత్తగా చేరిన ఒక చిన్న టీచరుకి మొన్న ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. ఆ పిల్ల ఫిలిం చేతిలో పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. మందుల గురించి అడుగుతుందనుకున్నాను. "అక్కా, ఎంత ఆలోచించినా నేనేం తప్పు చేసినానో గుర్తు రావడంలేదు" అంది. ఆ పిల్లని కూర్చోబెట్టి అన్నం పెట్టి పంపించాను. అప్పటి కోపం చల్లారిపోయిందనుకున్నాను, చల్లారలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి ఆ పిల్లకి ఇద్దామనుకున్నాను.

యాభై ఎనిమిది ఎండాకాలం మొదట్లో మొదలైంది. మాది చిల్లకూరుకి తూర్పున, సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక పాళెం. అక్కడి మిషను బడిలో నేను మూడో తరగతికి చెప్పేదాన్ని. నాకు ఇరవై ఆరేళ్ళు. మా ఆయన ప్రకాశం గూడూరు దగ్గర మైకా షెడ్డులో గుమాస్తా, శనివారం సాయంత్రం సైకిలు మీద ఇంటికి వచ్చేవాడు. పాపకి రెండేళ్ళు. ఒకరోజు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే దగ్గు వచ్చింది. చీర చెంగు అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎర్రగా ఉంది. చెంగు బొడ్డున దోపుకుని ఎక్కం పూర్తి చేయించాను.

రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. సుద్దముక్కల దుమ్ము అని నాకు నేను చెప్పుకున్నాను. ప్రకాశం ఒక ఆదివారం పొద్దున పెరట్లో నానేసిన గుడ్డ చూశాడు. సోమవారం పనికి వెళ్ళకుండా నన్ను నెల్లూరు బస్సెక్కించాడు.

ఆసుపత్రి వరండాలో పొడుగాటి బెంచీలు. అక్కడ ఎవరూ ఎవరి ముఖం వంకా చూసేవాళ్ళు కాదు. దగ్గు వచ్చినవాళ్ళు లేచి మెట్ల దాకా పోయి, దగ్గి, తప్పు చేసినట్టు తల వంచుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. నా పక్కన ఒక పెద్దామె కూర్చుని ఉంది, పైప్రాంతంలో వరి పండించే రైతు కుటుంబం మనిషి. ఆమె కాస్త జరిగి నాకు చోటిచ్చింది. నా కులమేదో అడగలేదు. "నువ్వు చిన్నదానివి, గోడకి ఆనుకో" అంది. కాసేపటికి, "పోయిన జన్మలో ఏం చేసినానో తల్లీ" అని నిట్టూర్చింది. నాకు ఆమె మీద అసూయ కలిగింది. పోయిన జన్మ ఎవరికి గుర్తుంటుంది? ఆమెకి కనీసం వెతుక్కునే పని లేదు.

డాక్టరు ఫిలింని వెలుతురుకి పట్టి చూశాడు. "ఇది పురుగు. గాలిలో వస్తుంది. మందుంది, తగ్గుతుంది. ఏడాదిన్నర వాడాలి. మధ్యలో మానితే నా దగ్గరకి రావద్దు" అన్నాడు. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగాడు. ఉన్నారని ప్రకాశం చెప్పాడు. ఆ గదిలో పాపం అనే మాట ఎవరి నోటా రాలేదు. అందుకు ఆ డాక్టరుకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మా అత్తగారు నాయుడుపేట నుంచి వచ్చి పాపని తీసుకెళ్ళింది. ఆమె లోపలికి రాలేదు. అది డాక్టరు చెప్పిన మాటే, నేను తప్పుపట్టను. వాకిట్లో ఎత్తుకున్నప్పుడు పాప నా వైపు చేతులు చాపింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. బండి మలుపు తిరిగాక కూడా అట్లాగే నిలబడ్డాను.

నన్ను చూసుకోవడానికి అమ్మ వచ్చింది. ఆమె పేరు దీనమ్మ. చిట్టమూరు వైపు ఒక పల్లెలో కూలికి పోయి బతికేది. నాట్లకీ కలుపులకీ వంగి వంగి నడుము నిలవని మనిషి. అయినా వచ్చిన రోజే పొయ్యి దగ్గర కూర్చుంది. ప్రకాశం శనివారాలు వచ్చేవాడు, గడప అవతల నిలబడి మాట్లాడేవాడు. జబ్బు అంటుతుందేమోనని అతనికి భయం, ఆ భయం నాకు తెలుస్తోందని కూడా అతనికి తెలుసు. ఆ సిగ్గుతో కోపం తెచ్చుకునేవాడు. కూరలో ఉప్పు గురించి అమ్మ మీద అరిచేవాడు.

రోజూ సూదిమందు వేయడానికి చిల్లకూరు నుంచి మస్తాన్ అనే కాంపౌండరు సైకిలు మీద వచ్చేవాడు. మా పొయ్యి మీదే సూది మరగబెట్టేవాడు. ఆ మందుకి నా చెవుల్లో హోరు పట్టింది. నడిస్తే నేల పడవలా ఊగేది. పెద్ద పెద్ద బిళ్ళలు మింగితే కడుపు తిప్పేది. పాళెంలో మా ఇంటి నీళ్ళు తాగడం మానేసినవాళ్ళు చాలామంది. మస్తాన్ మాత్రం పని అయ్యాక అరుగు మీద కూర్చుని అమ్మ ఇచ్చిన టీ తాగేవాడు. "టీచరమ్మా, ఈరోజు నూటికి నూరు మార్కులు, ఏడవలేదు" అనేవాడు. ఆ నెలల్లో నన్ను నవ్వించిన మనిషి అతనొక్కడే.

ఆగస్టులో పాస్టరు అయ్యగారు ఇద్దరు సంఘ పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన మా ఊరికి వచ్చి అప్పటికి మూడేళ్ళు. గొంతు బాగుండేది, పాట బాగా ఎత్తుకునేవారు. ప్రార్థన చేసి, కళ్ళు తుడుచుకుని, "సుగుణమ్మా, దాచుకున్నది ఏదైనా ఉంటే ఇప్పుడే దేవుని ఎదుట పెట్టు. రోగం ఊరికే రాదు" అన్నారు.

"డాక్టరు పురుగన్నాడయ్యగారూ."

"పురుగుని పంపించిందెవరు?"

"మనందరి శిక్షా ప్రభువు సిలువ మీద మోసినాడని మీరే కదా చెప్తారు. మోసేసినాక నాకు మళ్ళా శిక్షేంది?"

ఆయన చిరునవ్వు నవ్వారు. ఆ ప్రశ్న కోసం ముందే ఎదురుచూసినట్టు, "ఇది శిక్ష కాదమ్మా, శిక్షణ" అన్నారు. పెద్దలిద్దరూ తలలూపారు. రెండు మాటలకీ తేడా చెప్పగలిగినవాళ్ళకి ఊపిరి ఆడకపోవడం అంటే ఏమిటో తెలియదని నాకు ఆ రోజు తెలిసింది. పెద్దల్లో ఒకాయన, "తండ్రి చేసింది బిడ్డల మీదికి రాకుండా పోతుందా" అని గోడతో చెప్పినట్టు చెప్పాడు.

మా నాన్న సంగతి అది. నాకు ఐదేళ్ళప్పుడు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులతో మూడు రోజులు కళ్ళు తెరవలేదట. ప్రార్థనలు అయ్యాయి. నాన్న ఎవరికీ చెప్పకుండా ఒక నల్ల కోడిపెట్టని చంకన పెట్టుకుని పోలేరమ్మ రాయి దగ్గరికి వెళ్ళాడు. నేను బతికాను. అప్పటి సంఘం ఆయన్ని ఈ పాళెం చర్చి గుడిలోనే అందరి ముందూ నిలబెట్టి, ఏడాదిపాటు వెలేసింది. ఏడాది నిండకముందే ఆయన జ్వరం వచ్చి చనిపోయాడు. గుడిలో చావు గంట కొట్టలేదు. ఆ తర్వాతే అమ్మ ఈ పాళెం వదిలి చిట్టమూరు వైపు వెళ్ళింది. అమ్మ ఆ గంట గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు, కానీ ఇంకొకరి చావుకి గంట మోగితే చేస్తున్న పని ఆపి నిలబడిపోయేది.

అయ్యగారు వెళ్తూ, తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం తీసుకోవడానికి రావద్దని నాకు చెప్పారు. అందరూ ఒకే గిన్నెలో తాగుతారు, నీ జబ్బు వాళ్ళకి అంటుతుంది అని చెప్పి ఉంటే నేనే ముందు ఒప్పుకునేదాన్ని. ఆయన ఆ మాట అనలేదు.

వాళ్ళు వెళ్ళాక అమ్మ పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. "ఆయన చేసినదానికి నువ్వెందుకు పడాల?" అంది, నాతో కాదు.

అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. ఒక ఆదివారం గుడి నుంచి ప్రకాశం ఒక్కడే ముందు వచ్చాడు. గొడుగు మూసి గడప దగ్గర నిలబడ్డాడు.

"మీ అమ్మ ఈరోజు గుడిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది."

"ఏం చెప్పింది?"

"బిడ్డ మీద పెట్టిందాన్ని నా మీద పెట్టయ్యా, ఆయన తప్పు నేను మోస్తా అని అడిగింది. అందరూ ఏడ్చినారు. అయ్యగారు కూడా."

"మీరేం చేసినారు?"

"నేనేం చేస్తాను? ఆమేన్ అన్నా."

అప్పటికి ఆరు నెలలుగా అమ్మ నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేది. వద్దన్నా వినేది కాదు. తర్వాత వారంలో ఒక మధ్యాహ్నం నేను దాహమై వంటగది వెనక్కి వెళ్ళాను. నా గ్లాసు, నా కంచం వేరుగా పెట్టి బూడిదతో తోమి వేడినీళ్ళలో వేయాలని డాక్టరు చెప్పాడు. అమ్మ గోడవైపు తిరిగి నిలబడి నా గ్లాసులో మిగిలిన గంజి తాగుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"గంజి పారబోస్తారా ఎవరన్నా?"

"నిజం చెప్పమ్మా."

ఆమె గ్లాసు కింద పెట్టింది. దొరికిపోయినట్టు లేదు ముఖం. "అడిగినాక గమ్మున కూర్చుంటే ఎట్ట? ఆయనకి దారి చూపించొద్దా?" అంది.

"నీకు అంటుకుంటది."

"అంటుకోవాలనే."

నేను ఆ గ్లాసు తీసి పెరట్లోకి విసిరేశాను. "నిన్నెవరడిగినారు? నా కోసం చావమని నిన్నెవరడిగినారు?" అన్నాను. అరిచినందుకు దగ్గు తెర వచ్చి కింద కూర్చుండిపోయాను. అమ్మ నా వీపు రాస్తూ, "ప్రభువుని మాత్రం ఎవరడిగినారు? ఆయనంతట ఆయనే వచ్చినాడు" అంది.

నా జీవితంలో నేను దేవుణ్ణి ద్వేషించిన క్షణం ఏదైనా ఉందంటే అదే. జబ్బు వచ్చినందుకు కాదు. ఇట్లాంటి పని గొప్పదని మా అమ్మకి నేర్పినందుకు. ఒకరి బదులు ఒకరు చస్తే తృప్తిపడే న్యాయమొకటి పైన ఉందని, నడుము వంగిన ఒక కూలిమనిషి నమ్మి గంజి తాగుతోంది. ఆ రోజు నుంచి అమ్మ చాపని బలవంతంగా వసారాలో వేయించాను. నా గ్లాసు నేనే కడుక్కున్నాను. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

యాభై తొమ్మిది జనవరిలో నా ఎక్స్‌రే బాగా వచ్చింది. జాకెట్లు బిగుతయ్యాయి. డాక్టరు మొదటిసారి నవ్వాడు. సూదులు తగ్గించి, బిళ్ళలు మాత్రం మానొద్దన్నాడు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే అమ్మ చేతులు జోడించింది. ఆ తర్వాత నెలలో ఆమెకి దగ్గు మొదలైంది. దాచింది. నేను కనిపెట్టేసరికి నెల దాటింది. ఆమెని నెల్లూరు తీసుకువెళ్తే ఎడమ ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారు. అమ్మ ముఖంలో భయం వెతికాను. లేదు. పంట ఇంటికి చేరిన రోజు మనుషుల ముఖాలు ఎట్లా ఉంటాయో అట్లా ఉంది.

మందు తీసుకోనంది. బిళ్ళలు ఇస్తే గుడ్డలో మూటకట్టి పెట్టింది. మస్తాన్ సూది పట్టుకుని వస్తే, "నాకొద్దు నాయనా, ఇంకెవరికన్నా వెయ్యి" అంది.

"ఎందుకొద్దు?" అన్నాను.

"నేను తీసుకున్నది నేను దింపేస్తే అది యాడికి పోతది? మళ్ళా నీ దగ్గరికే."

"అమ్మా, అది మూట కాదు, దింపడానికీ ఎత్తడానికీ."

"నీకు తెలీదులే, గమ్మునుండు."

ఆ గుడ్‌ఫ్రైడేకి గుడి నిండిపోయింది. నేను బయట వరండాలో కూర్చున్నాను. అయ్యగారు సిలువ గురించి చెబుతూ చెబుతూ, ఈ కాలంలో కూడా దేవుడు ప్రేమతో చేసిన బలిని అంగీకరిస్తాడని, దానికి సాక్ష్యం మన మధ్యే ముందు వరసలో కూర్చుని ఉందని అన్నారు. కూతురికి తగ్గిన మరునెలలోనే తల్లికి వచ్చిందన్నారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. అమ్మ తలమీద కొంగు కప్పుకుని వంగి కూర్చుంది. తన భర్తని నిలబెట్టిన ఆ గుడిలోనే తన పేరు గౌరవంగా వినపడుతోంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఇంటికి మర్యాద వచ్చింది. నేను లేచి చెప్పులు వేసుకుని నడిచి వచ్చేశాను. కోడి రక్తం ఇస్తే వెలి, మనిషి రక్తం ఇస్తే సాక్ష్యం అని దారి పొడవునా అనుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ గడిచేసరికి అమ్మ సగమైపోయింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, నేనొక పిచ్చి పని చేశాను. నువ్వు మింగకపోతే నేనూ మింగను అని నా బిళ్ళలు ఆపేశాను. అమ్మ కంగారుపడి దారికొస్తుందనుకున్నాను. ఆమె నా తల నిమిరి, "మింగకపోయినా నీకేం రాదులేమే. నేను తీసుకున్నా గదా" అంది. అంత నమ్మకం. నాలుగో రోజు మస్తాన్ బిళ్ళలు లెక్కపెట్టి విషయం పట్టేశాడు. అతను కోప్పడడం అదే మొదటిసారి. "ఇద్దరు చచ్చి ఎవరిని గెలిపిస్తారు టీచరమ్మా?" అన్నాడు. అతని ముందే మింగాను. తర్వాత అడిగాడు, "ఆమె ఎవరి మాట వింటాది?"

ఎవరి మాట వింటుందో నాకు తెలుసు. ఆ మనిషి గడప తొక్కకూడదని అప్పటికి ఎనిమిది నెలలుగా అనుకుంటున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య, మేము అమ్మగారు అనేవాళ్ళం, తలుపు తీసి, నా ముఖం చూసి, ఇత్తడి గ్లాసులో మజ్జిగ ఇచ్చింది. తాగి ఇస్తే ఆ గ్లాసుని వాళ్ళ గ్లాసుల పక్కనే పెట్టింది. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

అయ్యగారు కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

"అయ్యగారూ, మా నాన్న నా పాణం కోసం కోడిని కోసినాడు. దానికి సంఘం ఆయన్ని వెలేసింది. అది చాల్లేదు, నాకు జబ్బొచ్చిందన్నారు. అదీ చాల్లేదు, ఇప్పుడు అమ్మకి పోయిందంటున్నారు. మధ్యలో ప్రభువు అందరి శిక్షా మోసినాడని ప్రతి ఏడూ చెప్తారు. ఒక కోడికి ఎంతమంది? ఏ కోర్టులో అయినా ఒక తప్పుకి నలుగురికి శిక్ష వేస్తారా?"

"దేవుని న్యాయాన్ని మన కోర్టులతో పోల్చకూడదు."

"పోల్చకూడదు. మన కోర్టులే నయం."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. ఆయన ముఖం ఎర్రబడింది. "నోరు జాగ్రత్త, సుగుణమ్మా."

"జాగ్రత్తగానే అడుగుతున్నా. సిలువ చాలిందా, చాల్లేదా? చాలిందంటే మా అమ్మ బలి అని మీరు చెప్పింది అబద్ధం. మీరు చెప్పింది నిజమైతే సిలువ చాల్లేదు. రెంటిలో ఏదో ఒకటి చెప్పండి. ఆదివారం సాక్ష్యానికి లేచి, అయ్యగారు ఇట్ట చెప్పినారని నేను చెప్తా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత, "నువ్వు విశ్వాసంతో అడుగుతున్నావా, పంతంతో అడుగుతున్నావా?" అన్నారు.

"పంతంతోనే. మా అమ్మ మందు తీసుకోవడంలేదు. చచ్చిపోతది."

"తీసుకోవడంలేదని నాకు తెలియదు."

నెల ముందే ఆయనకి చెప్పానని ప్రకాశం అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మూడో రోజు ఆయన వచ్చారు. పెద్దలు లేరు, పుస్తకం లేదు. మస్తాన్ పొయ్యి దగ్గర సూది మరగబెడుతున్నాడు, అలవాటుగా, ఆమె వద్దంటుందని తెలిసీ. అయ్యగారు అమ్మ చాప పక్కన నేలమీద కూర్చున్నారు.

"దీనమ్మా, గుడ్‌ఫ్రైడే రోజు నేనొక తప్పు మాట చెప్పినా."

"ఏం మాటయ్యా?"

"దేవుడు నీ బలి తీసుకున్నాడని. ఆయన తీసుకోలేదు. ఆయనకి అక్కర్లేదు. ఒక్కసారి జరిగింది, అయిపోయింది. మళ్ళా ఎవరూ ఎవరి బదులూ చావాల్సిన పని లేదు."

అమ్మ ఆయన వైపు తిరిగింది. "మరి నాకు రోగం ఎట్టొచ్చినట్టు?"

"అంటుకుంది."

"సుగుణకెట్ట తగ్గినట్టు?"

ఆయన మస్తాన్ వైపు చూశారు. "మందుతో."

"మరి నేనడిగింది యాడికి పోయినట్టయ్యా?"

ఆయన "నాకు తెలీదు దీనమ్మా" అన్నారు.

ఆయన నోట వచ్చిన మాటల్లో నేను నమ్మింది అదొక్కటే. కానీ అమ్మ ముఖం చూశాను. ఇన్ని నెలలుగా అందులో ఉన్న వెలుగు దీపం ఆర్పినట్టు పోయింది. ఏమీ సాధించని ఒక ముసలిమనిషి, దగ్గుతో, చాప మీద కూర్చుని ఉంది. నేను కోరిందే జరిగింది. జరిగాక ఆయన్ని కొట్టాలనిపించింది, నన్ను నేను కూడా.

అమ్మ కాసేపటికి ముక్కు చీది, రవిక చెయ్యి పైకి లాక్కుంది. "పొడువు నాయనా" అంది మస్తాన్‌తో.

ఆ తర్వాత రోజులు అంత తేలిక కాదు. సూది వేయించుకున్న ప్రతిసారీ ఆమె నా దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది, జబ్బు తిరిగి వచ్చిందేమోనని. నేను తుమ్మితే ఆ రోజు బిళ్ళలు మింగేది కాదు, దగ్గర కూర్చుని మింగించేదాన్ని. ప్రకాశం ఒక శనివారం గడప దాటి లోపలికి వచ్చి ఆమె చాప పక్కన ఉమ్మే బూడిద గిన్నె తీసి పారబోశాడు. నేను బడికి మళ్ళీ వెళ్ళాను. అరవైలో పాప తిరిగి వచ్చింది. నన్ను చూసి అత్తగారి వెనక దాక్కుంది. అమ్మా అని పిలవడానికి నెల పట్టింది. ఆ నెలకి ఏ ప్రసంగంలోనూ నాకు జవాబు దొరకలేదు, వెతకడం మానేశాను.

అయ్యగారు మా ఇంట్లో చెప్పిన మాట గుడిలో ఎప్పుడూ చెప్పలేదు. బలి అని అందరి ముందూ అన్నారు, తప్పు అని అమ్మ చాప పక్కన అన్నారు. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారు. కానీ ఆ ప్రసంగం ఊళ్ళు తిరిగింది. మొన్నీమధ్య కూడా ఒక కూటంలో ఎవరో పరాయి ప్రసంగీకుడు, కూతురి రోగాన్ని తన మీద వేసుకున్న తల్లి గురించి చెప్పాడు. ఆ కథలో తల్లి చనిపోతుంది. చనిపోతేనే అది బాగుంటుంది కాబట్టి. అమ్మ నా పక్కనే కూర్చుని విని, ఆ తల్లి కోసం కళ్ళు తుడుచుకుంది. అది తన కథేనని నేను చెప్పలేదు. తెలిసే ఏడ్చిందేమో నాకు తెలియదు.

అరవై ఒకటి చివర్లో అమ్మ ఆఖరి ఎక్స్‌రే. డాక్టరు ఫిలిం మడతపెట్టకుండా ఇచ్చి, "ఇక రావొద్దమ్మా" అన్నాడు. తిరుగు బస్సులో మాకు సీటు దొరికింది. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. మనుబోలు దాటాక అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మే సుగుణా, ఒకటడుగుతా. నాకే ముందొచ్చి ఉంటే, నువ్వు నా కోసం అట్ట అడిగుండేదానివా?"

"లేదు."

"కొంచెం కూడానా?"

"నిన్ను బస్సెక్కించి నెల్లూరు తీసకపొయ్యేదాన్ని. రోజూ నీ నోట్లో బిళ్ళ వేసేదాన్ని. అడగడం మాత్రం అడిగేదాన్ని కాదు. అట్ట అడిగితే ఒప్పుకునే దేవుడు నాకొద్దు."

ఆమె తలాడించింది. కోపం రాలేదు. బయట ఎవరో మళ్ళలోంచి మోపులు మోసుకుపోతుంటే వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసింది.

"నేనైతే మళ్ళా అడుగుతా" అంది.

గూడూరు వచ్చేదాకా నేను ఆమెతో మాట్లాడలేదు.